ఏరువాక బాణీ కట్టిన మాస్టర్ వేణు

ఏరువాక పాట వినని తెలుగు రైతుబిడ్డ లేడంటే అతిశయోక్తి కాదు. పాడిన జిక్కి పేరు చాలామందికి తెలుసు. తెరమీద ఆడిన వహీదా రెహమాన్ పేరు దేశమంతటికీ తెలుసు. బాణీ కట్టిందెవరని అడిగితే మాత్రం మనం తడుముకుంటాం. ఆయనే మాస్టర్ వేణు.

అసలు పేరు మద్దూరి వేణుగోపాల్. 1916లో బందరులో పుట్టారు. నాటకాలకూ, హార్మోనియానికీ పేరుపడ్డ ఊరది. తరువాత బొంబాయి వెళ్ళి మనహర్ బార్వే దగ్గర సంగీతం నేర్చి, మద్రాసు చేరి సినిమాల్లో స్థిరపడ్డారు. ఆయన చేతివేళ్ళు మెట్ల వాద్యాలకు అలవాటుపడ్డవి. హేమండ్ ఆర్గన్‌ను మన సినిమా సంగీతానికి పరిచయం చేసిన ఘనత ఆయనదే అంటారు.

ఈ ఆర్గన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1935లో అమెరికాలో లారెన్స్ హేమండ్ దీన్ని అమ్మకానికి తెచ్చాడు. అయస్కాంతం పక్కన పళ్ళచక్రాలు తిరుగుతుంటే పుట్టే విద్యుత్తే ఇందులో నాదమవుతుంది. చర్చీల కోసం పుట్టిన ఈ వాద్యాన్ని 1956 నుంచి జిమ్మీ స్మిత్ అనే నీగ్రోజాతి కళాకారుడు జాజ్ సంగీతంలో ఒక ఊపు ఊపాడు. అయితే మెట్టు నొక్కితే స్వరం నిలువునా పలుకుతుందే గాని, వీణలా, గొంతులా వంగదు. గమకం పలకదు. ఈ లోపం వల్లనే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని బహిష్కరించింది.

మరి అటువంటి వాద్యాలతో చెయ్యి తిరిగిన మనిషి పల్లె నాడిని పట్టగలడా? 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ దీనికి జవాబు. సారథీ వారి చిత్రం, తాపీ చాణక్య దర్శకత్వం, జమీందారుకు ఎదురు నిలిచిన రైతుల కథ. కొసరాజు మాటలకు వేణు వేసిన జానపద బాణీలో ఆర్భాటం లేదు. నాగలి పట్టినవాడు కూడా పాడుకోగలిగినంత తేలిక. యంత్రం తెలిసినవాడే యంత్రాన్ని ఎక్కడ పక్కన పెట్టాలో కూడా తెలుసుకున్నాడన్నమాట! ఆ ఏడే, డిసెంబరు 10న నాగార్జునసాగరుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. మన హుజూర్‌నగర్, మిర్యాలగూడ, కోదాడ చేలు తడిశాయి. రోజులు మారడమంటే ఏమిటో మన పెద్దలు కళ్ళారా చూశారు.

ఆ బాణీ ఊరుకోలేదు. 1960లో ‘బొంబయికా బాబు’లో ఎస్.డి. బర్మన్ సంగీతంలో, ఆశా భోంస్లే గొంతులో హిందీ పాటయింది. పుచ్చుకోవడం వేణుకూ తెలుసు. ‘మాంగల్యబలం’ (1959)లోని జాబిలి పాటకు మాతృక బెంగాలీ ‘అగ్నిపరీక్ష’లో ఉంది. సంగీతానికి పొలిమేరలు లేవు. కాని విని ఆనందించినవాళ్ళు కట్టినవాడి పేరు తలచుకోవడం కనీస ధర్మం.

‘తోడికోడళ్ళు’, ‘కలసివుంటే కలదు సుఖం’, ‘సిరిసంపదలు’, ‘ప్రేమించి చూడు’ - ఇవన్నీ ఆయన సంగీతంతో వచ్చినవే. 1981లో ఆయన కన్నుమూశారు. నటుడు భానుచందర్ ఆయన కుమారుడే.

విద్యార్థి మిత్రులారా! గిటారో, కీబోర్డో చేతికి రాగానే మన పాట పాతబడిందనుకోవద్దు. పరాయి వాద్యం నేర్చుకోవడం తప్పు కాదు, సొంత గొంతు మరచిపోవడమే తప్పు. మాస్టర్ వేణు జీవితం మనకు నేర్పేది ఇదే.