మంచము మీద నుండి సాగిన సేవ – ఫ్లోరెన్స్ నైటింగేల్

మన సంఘాలలో నర్సు శిక్షణ పొందిన ఆడబిడ్డలు ఎందరో ఉన్నారు. వారందరూ ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు చదువుకున్నవారే. గాయపడిన సిపాయిల మధ్య దీపము పట్టుకొని తిరిగిన స్త్రీగా ఆమెను మనమూ ఎరుగుదుము. అయితే ఆ దీపపు రోజులు రెండేళ్లకు మించలేదు. ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆమె నొప్పితోనే బ్రతికారు. లంజిపల్లిలో నడుము నొప్పితో, కీళ్ల నొప్పులతో దినములు గడుపుతున్న మన పెద్దలను తలంచుకొని ఆ సంగతి వ్రాస్తున్నాము.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ పట్టణములో కలిగిన ఆంగ్ల కుటుంబములో జన్మించారు. 1854లో క్రిమియా యుద్ధమునకు నర్సులను వెంటబెట్టుకొని వెళ్లారు. 1855 మే నెలలో అక్కడ తీవ్రమైన జ్వరము సోకి చావు దాకా వెళ్లి బ్రతికారు. 1856లో ఇంటికి చేరారు గాని, మరుసటి ఏడు పూర్తిగా కూలిపోయారు. 1861 చివరిలో వెన్నునొప్పి విపరీతమైంది. సుమారు ఆరేళ్లు నడవలేక, ఒక గదిలో నుండి మరొక గదికి ఎవరైనా ఎత్తుకొని తీసుకువెళ్లవలసి వచ్చింది.

నొప్పి పోయిన తరువాత పని చేద్దామని ఆమె కూర్చోలేదు. ఉన్న కొద్ది బలమును లెక్క చూసి ఖర్చు పెట్టారు. చూడవచ్చినవారిని ముందుగా సమయము చెప్పి, ఒక్కొక్కరినే రానిచ్చారు. మంచము మీదనే కాగితాలు పరచుకొని ఉత్తరాల ద్వారా పని నడిపారు. అలా వ్రాసిన ఉత్తరాలు నేటికీ పదివేలకు పైగా నిలిచి ఉన్నాయి. గదిలో పిల్లులను పెంచుకొని వాటితో పొద్దుపుచ్చారు. నొప్పి భరించలేనప్పుడు మందు సూది వేయించుకొనుటకు సిగ్గుపడలేదు.

మన దేశమునకు ఆమె ఎన్నడూ రాలేదు. అయినను ఇక్కడి సైనికుల ఆరోగ్యముపై 1863లో వెలువడిన పెద్ద నివేదిక వెనుక ఆమె శ్రమ ఉంది. 1876–78లో మద్రాసు రాష్ట్రమును కరువు పట్టి పీడించినప్పుడు, రైతుకు కాలువల నీరు కావాలని వ్రాశారు. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొరతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపారు. ఆనాడు మన గంజాం కూడా మద్రాసు రాష్ట్రములోనిదే.

ఆమె జీవితచరిత్రలు వ్రాసినవారిలో కొందరు ఆ జబ్బు నిజము కాదని, జనమును తప్పించుకొను నెపమని తలంచారు. 1995లో ఒక పరిశోధకుడు అది బ్రూసెల్లోసిస్ అయి ఉండవచ్చునని చూపారు. జబ్బు పడిన పశువుల పచ్చిపాల వలన ఇది మనుషులకు సోకుతుంది. ఏళ్ల తరబడి వెన్ను, కీళ్లు నొప్పి పెడతాయి. నేడు దానికి మందులున్నాయి. పాలు బాగా కాచి త్రాగడమే మనము చేయగల జాగ్రత్త.

1880ల నాటికి ఆమె నొప్పి చాలావరకు తగ్గింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు అందుకున్న మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13న తొంబై ఏళ్ల వయస్సులో కన్నుమూశారు.

రోగుల సంరక్షణపై 1859లో వ్రాసిన పుస్తకములో ఆమె పరామర్శకు వచ్చేవారిని గట్టిగా మందలించారు. రోగి స్థితి తెలియకుండా తేలిక ధైర్యములు చెప్పడము, తలా ఒక సలహా ఇవ్వడము రోగిని మరింత అలసట పెడుతుందని వారి అభిప్రాయము. ఇది మనకు తగిలే మాటే. ఆదివారము కూడికలో ఎంతోసేపు కూర్చోలేక మధ్యలో లేచిపోయే సహోదరిని చూచి, పైకి బాగానే ఉన్నది కదా అని మనము అనుకుంటాము. నొప్పి పైకి కనబడదు. ఆమె చెప్పినది నమ్ముదాము. వెళ్లేముందు కబురు చేసి, కొద్దిసేపే కూర్చుని, రెండు బిందెల నీళ్లు పట్టి ఇచ్చి వద్దాము. నొప్పితో ఉన్న పెద్దలారా, మీరును చేతనైనంత పనినే పెట్టుకొనండి. మిగిలినది ఇంకొకరికి అప్పగించుటలో చిన్నతనము లేదు.