సోమి చెట్టు – రాక్స్‌బర్గ్ దొర

పాల్వంచ, బూర్గంపాడు, దుమ్ముగూడెం వైపు ఉద్యోగం చేసిన మిత్రులకు సోమి చెట్టు తెలిసే ఉంటుంది. నేను ఆ ప్రాంతంలో గుమాస్తాగా ఉన్నప్పుడు కలప జాబితాలు రాసేవాణ్ణి. దుంగ మీద బెరడుంటే చాలు, కోయ పెద్దలు ఇట్టే పేరు చెప్పేవారు. అలాంటి పేర్లను రెండు వందల ఏళ్ళ క్రితమే శ్రద్ధగా రాసిపెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఎడింబరోలో చదివి, 1776లో కుంఫిణీ వారి మద్రాసు వైద్యశాఖలో చేరాడు. తరువాత సామర్లకోటలో ఉంటూ మిరియాల తోట వేశాడు. 1787 ఉప్పెనలో ఆయన పుస్తకాలు, సేకరణలు కొట్టుకుపోయాయి. ఇంకొకరైతే ఆ పని వదిలేసేవారేమో. ఈయన మళ్ళీ మొదలుపెట్టాడు.

తెలియని చెట్టు కనబడితే ఆయన పద్ధతి ఒకటే. మాను ఎలా ఉంది, బెరడు ఎలా ఉంది, ఆకు ఎలా అమరింది, పువ్వుకు రేకులెన్ని, కాయ ఎలా పగులుతుంది, ఏ కాలంలో పూస్తుంది అన్నీ రాసేవాడు. పక్కనే తెలుగువాళ్ళు పిలిచే పేరు. ఒక్క గుర్తుతో తేల్చేవాడు కాదు. సోమినే చూడండి. ఆకు వేపాకులా ఈనెకు రెండు వైపులా ఉంటుంది గాని, అంచుకు రంపపు పళ్ళుండవు. బెరడు గరుకు, చేదు. పూలు చిన్నవి. కాయ ఎండితే చెక్కతో చేసిన పువ్వులా ఐదు పలకలుగా విచ్చుకుంటుంది. ఇవన్నీ కలిస్తేనే సోమి.

జ్వరానికి దక్షిణ అమెరికా నుంచి తెచ్చే సింకోనా బెరడు ఖరీదైనది. దానికి బదులు సోమి బెరడు పనికొస్తుందని ఆయన ఆశపడ్డాడు. 1794లో ఎడింబరోలో ఆండ్రూ డంకన్ దీని మీదనే వైద్య సిద్ధాంతవ్యాసం రాశాడు. సింకోనాను అది తోసెయ్యలేకపోయింది. మందుగా నిలవకపోయినా పేరు నిలిచింది. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్సియూ ఆ ప్రజాతికి పెట్టిన 'సోయ్‌మిడా' అనే పేరు మన 'సోమిద'యే.

మనకు బీడీ ఆకు ఇచ్చే తునికికీ శాస్త్రనామం రాక్స్‌బర్గ్ పెట్టిందే. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది. బొమ్మలు 300. వాటిని గీసినవారు మన దేశపు చిత్రకారులు. వారిలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. చెట్టు పేరు అంత జాగ్రత్తగా రాసిన మనిషి, బొమ్మ గీసిన చేతి పేరు రాయకపోవడం నాకు వెలితిగానే ఉంది.

1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళి, 1813లో ఆరోగ్యం చెడి స్వదేశానికి బయలుదేరి, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయన 'ఫ్లోరా ఇండికా'ను 1832లో విలియం కేరీ శ్రీరామపురంలో పూర్తిగా అచ్చువేయించాడు. అందులోనూ చెట్ల వర్ణనల పక్కన మన తెలుగు పేర్లున్నాయి.