శోధనకు లొంగని క్రీడాకారుడు – ఎరిక్ లిడెల్

శోధన ఎల్లప్పుడూ చెడు రూపంలోనే ఎదురుకాదు. ఒక్కొక్కప్పుడు దేశగౌరవం, కీర్తి, క్షేమం అనే మంచి పేర్లతోనే మనిషిని సమీపిస్తుంది. అట్టి శోధనలను ఎదుర్కొని, నమ్మిన క్రైస్తవ ధర్మానికి కడవరకు కట్టుబడిన ధన్యజీవి ఎరిక్ లిడెల్.

ఆయన 1902 జనవరి 16న చైనాలోని తియాన్‌జిన్ నగరంలో స్కాట్లండు దేశీయులైన మిషనరీ దంపతులకు జన్మించారు. తండ్రి లండన్ మిషన్ సేవకులు. బళ్ళారి, కడప, గుత్తి ప్రాంతాలలో విద్యాసేవ చేసినదీ ఆ మిషనే. ఎరిక్ బాల్యంలోనే ఇంగ్లండులో మిషనరీల పిల్లల వసతి పాఠశాలలో చేరి, 1920లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. రగ్బీలో స్కాట్లండుకు ప్రాతినిధ్యం వహించారు. 1923లో 100 గజాల పరుగును 9.7 సెకన్లలో ముగించి బ్రిటిష్ రికార్డు నెలకొల్పారు. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణపతకం తెస్తారని దేశప్రజలు ఆయనపై ఆశలు పెట్టుకున్నారు.

అయితే ఆ పోటీ ప్రాథమిక పరుగులు 1924 జులై 6, ఆదివారం నాడు నిర్ణయమయ్యాయి. ఆదివారం దేవునికి ప్రత్యేకించిన దినమని ఆయన విశ్వాసం. ఓడ ఎక్కే వేళ ఈ సంగతి తెలిసినట్లు 1981లో వచ్చిన చలనచిత్రం చూపింది గాని, వాస్తవానికి కొన్ని నెలల ముందే తెలిసింది. కనుక ఆ శోధన ఒక్కనాటితో తీరినది కాదు. దేశాభిమానం లేదన్న విమర్శలను సహించి ఆయన ఆ పోటీని వదులుకున్నారు. తుది పరుగు ఆదివారం పడిన రెండు రిలేలనూ విడిచిపెట్టారు. ఎవరినీ నిందించక, అంతగా అలవాటు లేని 400 మీటర్ల పరుగుకు సాధన చేశారు. 200 మీటర్లలో కాంస్యం సాధించి, జులై 11న 400 మీటర్లను 47.6 సెకన్లలో పరుగెత్తి ఒలింపిక్ రికార్డుతో స్వర్ణపతకం గెలుచుకున్నారు.

ఈ విజయాన్ని విశ్వాసానికి దక్కిన బహుమానంగా చెప్పుకోవడం పరిపాటి. కాని ఆనాడు ఓడిపోయినా ఆయన నిర్ణయం విలువ తరిగేది కాదు.

కీర్తి శిఖరాన ఉండగానే 1925లో చైనా వెళ్ళి, తియాన్‌జిన్ కళాశాలలో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులైనారు. 1937 నుండి యుద్ధపీడిత గ్రామాలలో సేవచేశారు. 1941లో ప్రమాదం ముంచుకురాగా, గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడా పంపి, తాము మాత్రం నిలిచిపోయారు. మూడవ బిడ్డను చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు.

1943లో జపాను సైన్యం ఆయనను వైషియెన్ నిర్బంధ శిబిరంలో ఉంచింది. తల్లిదండ్రులకు దూరమైన పిల్లలకు అక్కడ చదువు చెప్పి, ఆటలు ఆడించారు. ఆదివారం ఆటలు వద్దన్నది మొదట ఆయన నియమం. పెద్దలు లేని ఆటలో పిల్లలు కొట్లాడుకోవడం చూసి, ఆదివారమే మైదానంలో నిలిచి తీర్పరిగా వ్యవహరించారు. 1945 ఫిబ్రవరి 21న, శిబిర విముక్తికి ఆరు నెలల ముందు, మెదడులోని కణితితో 43వ ఏట కన్నుమూశారు.

స్వర్ణపతకం కోసం సడలించని నియమాన్ని ఆయన పసివారి మేలు కోసం సడలించారు. విశ్వాసం మొండిపట్టు కాదని, స్వలాభానికి లొంగకపోవడమే దాని సారమని ఆ జీవితం తెలుపుతుంది. పరీక్షల గదిలోనైనా, ఉద్యోగ పీఠంపైనైనా శోధన ఎదురైనవేళ మన విద్యార్థులు, పూర్వవిద్యార్థులు తలచుకోదగిన చరిత్ర ఇది.