గజ్జె కట్టిన పండితుడు

1883వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కుప్పుస్వామి నాయుడను భాగవతుడు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పెను. నాటి శ్రోతలలో పందొమ్మిదేండ్లు నిండీ నిండని విద్యార్థి యొకడుండెను. తెలుగు పద్యము, సంస్కృత శ్లోకము, సంగీతము, ఇంగ్లీషు చదువు, ఇన్నియు ఆ కుఱ్ఱవానివద్ద అప్పటికే కొంత కొంత గలవు. అవి యన్నియు ఒక్కచోట పనికివచ్చు విద్య యేదో వానికి అంతవఱకు దొరకలేదు. ఆ రాత్రి దొరకెను. స్వల్పకాలములోనే ధ్రువచరిత్రమును హరికథగా తానే రచించి, తానే వరుసలు కట్టి, కాలికి గజ్జె కట్టుకొని జనులయెదుట నిలిచెను. తరువాత అఱువది యేండ్లపాటు తెలుగుదేశమున హరికథ యనగానే స్ఫురించిన పేరు ఆ విద్యార్థిదే.

అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారి తొలి పేరు సూర్యనారాయణ. బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ గ్రామమున 1864 ఆగస్టు 31వ తేదీన వేంకటచయనులు, లక్ష్మీనరసమ్మ దంపతులకు జన్మించిరి. తల్లి పాడుకొను భాగవత పద్యములు విని విని అక్షరములు సరిగా రాని వయస్సుననే అవి నోటికి వచ్చినవట. పసితనమున ఒక ఉత్సవములో పుస్తకముల అంగడివద్ద భాగవతము కావలెనని మారాము చేయగా, ఇది నీకు చదువ వచ్చునా యని వర్తకుడు పరిహసించెననియు, బాలుడు గ్రంథము తెఱవకయే పద్యములు వరుసగా అప్పగింపగా అతడు విస్తుపోయి పుస్తకమును బహుమానముగా ఇచ్చెననియు చెప్పుదురు. మహనీయుల బాల్యమునుగూర్చి ఇట్టి కథలు పుట్టుట సహజము. అయినను ఈ కథలో ఒక విశేషము కలదు. బాలునిచేతికి పుస్తకము వచ్చినది చదివినందులకు కాదు, వినిపించినందులకు.

హరికథ తెలుగువారు కొత్తగా కనిపెట్టిన ప్రక్రియ కాదు. మహారాష్ట్ర కీర్తనకారుల పద్ధతి మరాఠా ప్రభువులతోపాటు తంజావూరు చేరి, అచ్చట కర్ణాటక సంగీతముతో కలిసి, తంజావూరు కృష్ణభాగవతరు వంటి వారి చేతిలో కొత్త రూపు దాల్చినది. మన పల్లెలలో పురాణపఠనమును, జంగముకథలును, వీథిభాగవతములును ఏనాటినుండియో ఉండనే యున్నవి. అయితే పురాణము చెప్పు పండితుడు కూర్చుండి చెప్పును. ఆయన లేచి ఆడడు. వీథిలో ఆడువాడు ఆడును, పాడును. పండితసభలో అతనికి పీటవేయరు. ఈ రెండు తెగల నడుమ గోడ ఎత్తయినది. వేదశాస్త్రముల వాసనగల యింట పుట్టి, ఇంగ్లీషు చదువుచు, ఉద్యోగము చేసి గౌరవముగా బ్రతుక వీలున్న యువకుడు కాలికి గజ్జె కట్టుట ఆనాటి మర్యాదకు చిన్న సంగతి కాదు. నారాయణదాసుగారు ఆ గోడకు ఇరువైపులను ఒక్కసారి నిలువ సాహసించిరి. పాండిత్యమును విడువలేదు, పాదమును విడువలేదు.

ఇప్పుడు హైదరాబాదువంటి నగరములలో చిన్న చిన్న ప్రదర్శనశాలలయందు తెరలు, వేషములు లేక ఒక్కరే నిలిచి కథ చెప్పు ప్రయోగములును, కథకుల పోటీలును చూచినవారికి ఇది యంతయు క్రొత్తగా తోపవచ్చును. హరికథకుని సాధనసంపత్తియు అంతమాత్రమే. మెడలో పూలదండ, నడుమున పట్టుపంచె, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, ప్రక్కన మృదంగము, ఫిడేలు. వేషము మార్చుటకు తెర చాటులేదు. సావిత్రి కథలో యముడైనప్పుడు కంఠము మంద్రమునకు దిగవలెను. మరునిమిషమున సావిత్రియై ప్రార్థింపవలెను. వెనువెంటనే కథకుడై నిలిచి ఇరువురినిగూర్చియు వచనములో చెప్పవలెను. పద్యము రాగమునకు లోబడి ప్రాసను మ్రింగరాదు. కీర్తన తాళము తప్పరాదు. పందిరి వెనుక పిల్లవాడు ఏడ్చినచో, వర్షపుచినుకు పడినచో, ముందువరుస పెద్దలు కునికిపాట్లు పడినచో, అప్పటికప్పుడు ఒక పిట్టకథ అల్లి సభను త్రిప్పుకొనవలెను. శ్రీరామనవమి పందిళ్లలో ఒక వీథివారు పిలిచిన భాగవతుని, మఱియొక వీథివారు పిలిచిన భాగవతునితో పోల్చని ఊరు ఉండెడిది కాదు. న్యాయనిర్ణేతలు ఎవరును అక్కరలేదు. రెండవ జాముదాటిన పిమ్మట ఏ పందిటిలో జనము మిగిలిరో అదియే తీర్పు.

ఈ తీర్పునకు నారాయణదాసుగారు ఎన్నడును వెఱవలేదు. దీర్ఘకాయము, దూరమునకు వినబడు గాత్రము ఆయనకు ప్రకృతి ఇచ్చిన వరములు. లయమాత్రము సాధించి తెచ్చుకొన్నది. రెండు చేతులతో రెండు తాళములు, రెండు పాదములతో వేఱు రెండు, శిరస్సుతో అయిదవది వేయుచు పల్లవి పాడి అన్నిటిని ఒక్కచోట ముగించుటచే ఆయనకు పంచముఖీ పరమేశ్వరుడను బిరుదు వచ్చెను. ఇందలి కష్టమెట్టిదో లెక్కచే కొంత తెలియును. ఉదాహరణమునకు ఎనిమిది అక్షరముల ఆదితాళము, ఏడక్షరముల మిశ్రచాపు, ఆఱక్షరముల రూపకము, అయిదక్షరముల ఖండచాపు, ఈ నాలుగును ఒకే క్షణమున మొదలుపెట్టినచో అవి మరల ఒకే అక్షరముపై కలియుటకు 840 అక్షరముల కాలము పట్టును. ఆ లోపల ఆదితాళము 105 సారులు, ఖండచాపు 168 సారులు తిరుగును. నడుమ ఒక్క అక్షరము జాఱినను చివర కలయిక లేదు. దీనిపై అవధానమొకటి. పృచ్ఛకులు చుట్టు కూర్చుండి అడిగిన పద్యములు చెప్పుచు, లెక్కలు చేయుచు, తాళములు వేయుచు సాగు సంగీతావధానములు ఆయన యౌవనమున పెక్కు చేసిరి. ఇది గారడివిద్య కాదా యని శంకించువారు లేకపోలేదు. ఆ శంక పూర్తిగా నిరాధారమని చెప్పుటయు కష్టమే. కాని హరికథలో పద్యమునకును, అడుగునకును, అభినయమునకును ఒక్క మనస్సే పంచిపెట్టవలసి యున్నప్పుడు, అవధానము ఆయనకు వినోదముకంటె ఎక్కువగా అభ్యాసమైనదని తోచును.

కళింగదేశమున మొదలై, దక్షిణమున చెన్నపట్టణమువఱకును, మైసూరువఱకును ఆయన సంచారము సాగెను. మైసూరు ప్రభువు చామరాజ ఒడయరు ఆయన కథలు విని సన్మానించెను. పరదేశపు రాజు మెచ్చిన పిమ్మటనే సొంత ఊరి రాజు పిలుచుట మనదేశమున కొత్తకాదు. విజయనగర ప్రభువు ఆనందగజపతి నారాయణదాసుగారిని తన ఆస్థానమునకు రావించుకొనెను. ఆ సభ సామాన్యమైనది కాదు. గురజాడ అప్పారావుగారు అచ్చటనే యుండిరి. జగన్నాథవిలాసినీ సభయను నాటకసమాజమొకటి ఆ ఊర ప్రభువు ప్రాపున పనిచేయుచు, సంస్కృత నాటకములాడి, 1892లో కన్యాశుల్కమును తొలిసారి రంగమెక్కించినది. ఒకే పట్టణమున, ఒకే కాలమున రెండు ప్రయోగములు జరిగినవి. ఒకటి పదిమంది నటులతో వాడుకభాషను రంగముపైకి తెచ్చినది. రెండవది ఒక్క మనిషితో పురాణకథను నాటకము చేసినది. మొదటిదానిని గూర్చి మన సాహిత్యచరిత్రలు పుటలు నింపినవి. రెండవది సాహిత్యమా, సంగీతమా, నాట్యమా యని తేల్చుకొనలేక మూడు శాఖలవారును మఱియొకరికి విడిచిపెట్టిరి.

ఆనందగజపతి 1897లో కీర్తిశేషుడయ్యెను. దాసుగారి జీవితము మాత్రము ఒక్క ఆస్థానముపై ఆధారపడినది కాదు. పండిత సభలవలెనే పల్లెపందిళ్లును ఆయనను పోషించినవి. అంబరీషచరిత్రము, గజేంద్రమోక్షణము, రుక్మిణీకల్యాణము, సావిత్రీచరిత్రము, భీష్మచరిత్రము, జానకీశపథము, ఇవి ఆయన చెప్పగా జనము మరల మరల విన్న కథలు. రామకథను యథార్థరామాయణమను పేర వరుసగా హరికథలు చేసిరి. దశవిధరాగనవతికుసుమమంజరిలో, పేరే చెప్పునట్లు, తొంబది రాగములను కూర్చిరి.

గ్రంథకర్తగా ఆయన ఆకలికి అంతులేదు. ఉమర్ ఖయ్యాము రుబాయీలను పారసీక మూలమునుండియు, ఫిట్జెరాల్డు ఇంగ్లీషు అనువాదమునుండియు వేఱువేఱుగా గైకొని, ఒక్కొక్కదానిని సంస్కృతమునకును అచ్చతెలుగునకును తెచ్చి 1932లో ప్రకటించిరి. మూలమునకును ఇంగ్లీషునకును ఉన్న దూరము పాఠకుడు తానే చూచుకొనవచ్చును. కాళిదాసును, షేక్స్పియరును నవరసముల వరుసలో ప్రక్కప్రక్కన నిలిపి నవరసతరంగిణి రచించిరి. లలితాసహస్రనామములను తల్లివిన్కి యను పేర అచ్చతెలుగు చేసిరి. ఈ అచ్చతెలుగు మక్కువ ఆయనకు వ్యసనమువంటిది. సంస్కృతము కలియని మాటలకై త్రవ్వి త్రవ్వి, తెలుగువానికే నిఘంటువు అవసరమగు తెలుగును ఆయన వ్రాసిన పట్టులు పెక్కు. ఇంటిలో కూర్చుండి ఒంటరిగా చదువువాడు రెండు పుటలకే అలసిపోవును.

అట్టి రచనలు చేసినవారి కథలకు వేలకొలది జనము, అందును అక్షరము రానివారు, తెల్లవాఱువఱకు ఎట్లు కూర్చుండిరి? దీనికి సమాధానము పుస్తకములో దొరకదు. ఆయన హరికథల అచ్చుప్రతులు సంగీతస్వరములు లేని పాటలవంటివి. రంగముపై అర్థముగాని సమాసము చెవిని పడినప్పుడు దానిప్రక్కనే రాగముండెను, కనుబొమ్మ యుండెను, గజ్జె యుండెను. మాట తెలియకపోయినను భావము చేరెను. భావము చేరిన తరువాత మాటయు నిలిచెను. పల్లెలలో చదువురాని వృద్ధులు సైతము ఆయన కృతులలోని ముక్కలు పాడుకొనిరన్న మాట ఇందువలననే నమ్మదగినది. పుస్తకమును మాత్రమే చూచి ఆయనను క్లిష్టకవి యనువారు సగము నిజము చెప్పుచున్నారు. మిగిలిన సగము ఆయన దేహముతో పోయినది.

1919లో విజయరామగజపతి విజయనగరమున సంగీతకళాశాలను స్థాపించెను. అంధుడైన ఒక బాలునికి సంగీతము నేర్పింపవలెనన్న సంకల్పమునుండి అది మొలిచినదందురు. ప్రథమాధ్యక్షులు నారాయణదాసుగారు. అప్పటికి ఏబదియైదు ఏండ్ల వయస్సు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ కళాశాలలో విద్యార్థిగా చేరదలచి వచ్చి ఫిడేలు వినిపింపగా, దాసుగారు విని, ఈతడు నేర్చుకొనవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని తలచి ఉపాధ్యాయ పదవినే ఇప్పించిరి. అప్పటికి నాయుడుగారికి ఇరువదియాఱేండ్లు. పరీక్షలు, పట్టములు చూడక, ఎదుట వాయించినదానినిబట్టియే నిర్ణయించుట దాసుగారి స్వభావమునకు తగినట్లున్నది. తానును జీవితాంతము అట్టి పరీక్షకే నిలిచినవారు కదా! 1936లో ఆయన విరమింపగా నాయుడుగారే ఆ స్థానమును అలంకరించిరి.

నారాయణదాసుగారి స్వీయచరిత్ర పేరు నా యెఱుక. అది ఆయన ముప్పదవ యేటి ప్రాంతముననే ఆగిపోయినది. తరువాతి కాలమును, అనగా కీర్తి వచ్చిన కాలమును, ఆయన కాగితమునకు ఎక్కింపలేదు. 1945 జనవరి 2వ తేదీన పరమపదించిరి. అప్పటికి చలనచిత్రములు ఊరూర పాఁకినవి. పందిళ్లలో జనము పలుచబడజొచ్చినది. ఆయన పోకడ నేర్చిన భాగవతులు కోస్తా జిల్లాలలో మఱికొన్ని దశాబ్దములు కథలు చెప్పుకొని బ్రతికిరి. 1973లో గోదావరితీరమున కపిలేశ్వరపురమునందు శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల వెలసినది. అచ్చట బడుగు కుటుంబముల బాలికలును కాళ్లకు గజ్జె కట్టి, చిడతలు పట్టి, హరికథ నేర్చి, పందిళ్లకు బయలుదేఱిరి.