బొగ్గుబాయి కాడ బొమ్మ నేర్సిన విన్సెంట్

పడమటి దేశాల కళా చరిత్ర అంటే మన సింగరేణి పిల్లలకు అదేందో రాజుల కోటల కత, అద్దాల మేడలల్ల ఏలాడదీసిన బొమ్మల కత అనిపిస్తది. పోటీ పరీక్షల గైడ్‌ల మోనాలిసా ఎవరు గీసిండ్రు అని ఒక బిట్టు ఉంటది, ఆడికే అయిపోతది. గని ఆ చరిత్రకు ఒక తలుపు మన మందమర్రి దిక్కు తెరుసుకొని ఉన్నది. ఆ తలుపు విన్సెంట్ వాన్ గో. ఆయన పేరు చెప్పంగనే చెవు కోసుకున్న పిచ్చోడు అంటరు. బొగ్గుబాయిల దిగిన మనిషి అని మాత్రం చెప్పేటోళ్లు తక్కువ. అందుకే ఆయన కతను బాయి కాడికెల్లి చెప్పుకుందాం.

విన్సెంట్ 1853 మార్చి 30 నాడు హాలెండ్ దేశంల జుండర్ట్ అనే చిన్న ఊర్ల పుట్టిండు. నాయిన చర్చిల పాస్టరు. ఇంటి మనుషులల్ల ఒకాయన బొమ్మల యాపారి. పదహారేండ్లకే విన్సెంట్‌ను గూపిల్ అనే పెద్ద బొమ్మల దుకాణంల కొలువుకు పెట్టిండ్రు. హేగ్, లండన్, పారిస్ పట్నాలల్ల పనిజేసిండు. గొప్పగొప్ప బొమ్మలు కండ్లార చూసిండు. గని షావుకార్లకు బొమ్మలు అమ్ముడు మీద మనసు పట్టలే. 1876ల కొలువు పోయింది. బడిపంతులుగ చేసిండు, పుస్తకాల దుకాణంల చేసిండు, నాయిన లెక్క పాస్టరు కావాలని ఆమ్‌స్టర్‌డామ్‌ల చదువు మొదలువెట్టి ఇడిసిపెట్టిండు. ఇరవై ఐదేండ్లు వచ్చినా ఏ పనిల నిలబడ్తలేడని ఇంట్లోళ్లకు ఒకటే రంది.

1878 డిసెంబర్ల ఆయన బెల్జియంల బోరినాజ్ అనే బొగ్గు ప్రాంతానికి పోయిండు. బాయి పనోళ్లకు బైబిల్ చెప్పుడు పని. ఆరు నెలల టెంపరరీ కొలువు. ఆ ఊర్లు ఎట్లుండెనో మనకు ఎవ్వలు చెప్పనవసరం లేదు. నల్లటి దుబ్బ, బూడిద కుప్పలు, చీకట్ల పోయి చీకట్లనే ఇల్లు చేరే మనుషులు. మర్కాస్ అనే పాత బాయిల విన్సెంట్ ఏడు వందల మీటర్ల లోతుకు దిగిండు. ఆరు గంటలు లోపల్నే ఉన్నడు. ఇరుకు సందులల్ల వంగి బొగ్గు కొట్టేటోళ్లను చూసిండు. టబ్బులల్ల బొగ్గు నింపే పిల్లలను చూసిండు, ఆండ్ల ఆడపిల్లలు గూడ ఉన్నరు. పాతాళంల కట్టేసిన ముసలి గుర్రాలను గూడ చూసిండు. మన దగ్గర తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తాతలకు ఈ ముచ్చట చెప్తే, అది మా కతనే కదరా అంటరు.

1879 ఏప్రిల్ల పక్కనున్న ఫ్రామెరీ ఊర్ల అగ్రాప్ బాయి గ్యాసు అంటుకొని పేలింది. 121 మంది సచ్చిపోయిండ్రు. 2003 జూన్‌ల గోదావరిఖని 7 ఎల్ఈపీ బాయిల నీళ్లు మోపి 17 మంది పోయిన దినం ఎర్కున్నోళ్లకు, ఆ ఊర్ల ఏడ్పు ఎట్లుంటదో చెప్పే పని లేదు. విన్సెంట్ కాలిన మనుషులకు, జరమొచ్చినోళ్లకు సేవ చేసిండు. తన మంచి బట్టలు పంచిపెట్టిండు. మంచి అర్ర ఇడిసిపెట్టి గుడిసెల గడ్డి మీద పండుకున్నడు. ఇది చర్చి పెద్దలకు నచ్చలే. పాస్టరు అన్నోడు పాస్టరు లెక్క ఉండాలె గని కూలోని లెక్క ఉంటే మర్యాదేంది అనుకున్నరు. ఉపన్యాసం చెప్పుడు రాదు అని సాకు వెట్టి కొలువు మల్ల పొడిగించలే.

కొలువు పోయినా ఆయన బోరినాజ్ ఇడిసిపెట్టలే. క్యూమ్ అనే ఊర్ల బాయి పనోళ్ల ఇంట్ల తలదాచుకున్నడు. 1880 చలికాలంల, జేబుల పైసలు లేకున్నా, జూల్ బ్రెతోన్ అనే చిత్రకారున్ని చూద్దామని నడుసుకుంట ఫ్రాన్స్ దేశంల కూరియేర్ దాక పోయిండు. తొవ్వల గడ్డివాముల కాడ పండుకున్నడు. తీరా పోయినంక ఆ ఇటుకల స్టూడియో బయటకెల్లి చూసి, లోపలికి పోయే ధైర్యం చాలక ఎనుకకు తిరిగి వచ్చిండు. ఆ ఏడే, ఇరవై ఏడేండ్ల వయసుల, బొమ్మలు గీసుడే నా పని అని తేల్చుకున్నడు. మంచుల పొద్దుగాల బాయికి పోయే ఆడోళ్లను, మొగోళ్లను గీసిండు. బొగ్గు మూటలు మోసుకుంట నడుములు వంగిపోయిన ఆడోళ్లను గీసిండు.

ఈడ కళా చరిత్ర విద్యార్థులు ఒక సంగతి పట్టుకోవాలె. అప్పటికి శానా కాలంగ ఐరోపల పెద్ద బొమ్మ అంటే దేవుండ్లు, రాజులు, యుద్ధాలు. దాన్ని తిప్పింది 1850 దిక్కు ఫ్రాన్స్‌ల వచ్చిన వాస్తవికవాదులు. కూర్బే తొవ్వ మీద రాళ్లు కొట్టే కూలోళ్లను నిలువెత్తుగ గీసిండు. మిల్లే 1857ల కోసిన చేన్ల పరిగె ఏరుకునే ముగ్గురు ఆడోళ్లను గీసిండు. మనూర్లల్ల పరిగె ఏరిన అవ్వలు ఎంత మంది లేరు! విన్సెంట్‌కు గురువు మిల్లేనే. ఎన్నడు మొకం చూడలే గని, తమ్ముడు తియో పంపిన అచ్చు బొమ్మలు ముంగట వెట్టుకొని మల్ల మల్ల దిద్దుకున్నడు. ఆయన ఆర్ట్ కాలేజీల మొదలువెట్టలే, బాయి పనోళ్ల ఇంట్ల మొదలువెట్టిండు.

1885ల, నూనెన్ అనే ఊర్ల ఉన్నప్పుడు, ఆలుగడ్డలు తినేటోళ్లు అనే బొమ్మ గీసిండు. ఒక దీపం, ఒక బల్ల, ఐదుగురు మనుషులు. ఏ చేతులతోని మన్ను తవ్విండ్రో గవే చేతులతోని తింటున్నరు. ఆ బొమ్మ రంగు గూడ మన్ను రంగే. దానికి ముందు రైతుల మొకాలే నలభై దాక గీసి చెయ్యి సాపు చేసుకున్నడు. అప్పట్ల దాన్ని మెచ్చుకున్నోళ్లు తక్కువ. ఇయ్యాల అది ఆమ్‌స్టర్‌డామ్‌ల ఆయన పేరు మీదున్న మ్యూజియంల ఉన్నది.

1886ల తమ్ముని కాడికి పారిస్ పోయిండు. ఆడ 1874 నుంచి మోనే, పిసారో అసుంటోళ్లు ఇంప్రెషనిస్టులు అనే పేరుతోని కొత్త తొవ్వ తీస్తున్నరు. అర్రల కూసోని కాదు, ఎండల నిలబడి, ఎల్తురు ఎట్ల మారితే రంగు అట్ల మారుతదని గీసుడు వాళ్ల పద్ధతి. జపాన్ దేశపు చెక్క అచ్చు బొమ్మలు గూడ ఆ రోజులల్ల పారిస్‌ల బాగ దొరుకుతుండె. ఈ రెండు చూసినంక విన్సెంట్ బొమ్మలల్ల చీకటి పోయి ఎండ వచ్చింది. 1888ల దక్షిణాన ఆర్ల్ ఊరికి పోయి పసుపుపచ్చ ఇల్లు కిరాయికి తీసుకొని పొద్దుతిరుగుడు పువ్వులు గీసిండు. కంటికి కనవడ్డది కనవడ్డట్టు కాదు, లోపలి తండ్లాటను రంగుల చూపెట్టిండు. ఆయనను, గోగెన్‌ను, సెజాన్‌ను కలిపి ఎనుకటోళ్లు పోస్ట్ ఇంప్రెషనిస్టులు అన్నరు. ఇరవయ్యో శతాబ్దపు ఎక్స్‌ప్రెషనిజానికి తొవ్వ చూపినోళ్లల్ల ఈయన ముందటోడు.

ఆ ఏడు డిసెంబర్ల గోగెన్‌తోని లొల్లి అయినంక చెవు కోసుకున్నడు. అది జబ్బు. జబ్బును గొప్ప చేసుడు, ఎక్కిరించుడు, రెండు తప్పే. 1889ల తనంతట తానే సెయింట్ రెమీ దవాఖానల చేరిండు. ఆడికెల్లే సుక్కల రాత్రి బొమ్మ గీసిండు. జబ్బు తిరగవెట్టినప్పటి కంటె నిమ్మలమైనప్పుడే ఎక్కువ గీసిండు. 1890 జూలై 29న, తుపాకి గాయంతోని, 37 ఏండ్లకే పోయిండు. పదేండ్లల్ల ఎనిమిది వందల కంటె ఎక్కువ రంగుల బొమ్మలు గీసిండు. పిచ్చితోని అన్ని బొమ్మలు కావు. షిఫ్టు చేసినట్టు దినాం పనిజేస్తేనే అయితయ్.

ఇంకొక మాట దాచొద్దు. పదేండ్లు రంగులు, గుడ్డ, బువ్వ, కిరాయి అన్నింటికి పైసలు పంపింది తమ్ముడు తియో. ఆయన గూడ ఆరు నెలలకే సచ్చిపోయిండు. తియో భార్య యోహన్నా చంటి కొడుకును సాదుకుంట ఆ బొమ్మలను కాపాడింది, అన్నదమ్ముల ఉత్తరాలను 1914ల అచ్చేపిచ్చింది. ఆమె లేకుంటే ఆ పేరు మన దాక రాకపోవు. విన్సెంట్ బాయి ఇడిసిపెట్టి పోగలిగిండు, ఆయన గీసిన కూలోళ్లు పోలేకపోయిండ్రు. ఆండ్ల ఎంతమంది చేతులల్ల బొమ్మ ఉండెనో ఎవ్వలికెరుక? కళ అంటే పుట్టుకతోని వచ్చే వరం అనేటోళ్లు ఈ లెక్క చూడరు.

మన దిక్కు చెయ్యి లేక కాదు. అన్నారంల పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయి జేజే స్కూల్ దాక పోయి పడమటి పద్ధతులు నేర్సిండు. బూరుగుపల్లిల పుట్టిన తోట వైకుంఠం మన ఆడోళ్ల మొకాలనే దేశానికి చూపెట్టిండు. ఇద్దరు కరీంనగర్ జిల్లా ఊర్లోళ్లే. గని మన సర్కారు బడులల్ల డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు సిలబస్ నింపుకునే పీరియడ్. కోల్‌బెల్ట్ పిల్లకు డిపెండెంట్ కొలువు ఒక్కటే భవిష్యత్తు అని మనమే చెప్పుకుంట వచ్చినం.

భూగర్భ బాయిలు ఒక్కొక్కటి మూతవడ్తున్నయ్, ఓపెన్‌కాస్టులు వస్తున్నయ్, ఊర్లు లేస్తున్నయ్. మస్టర్ కాడ నిలబడ్డ మనుషులు, నైట్ షిఫ్టు దిగి చాయ హోటల్ల కూసున్న మొకాలు, క్వార్టర్ల ముంగట పొయ్యి బొగ్గు ఏరుకునే అవ్వలు. రేపు ఇవన్ని ఎట్లుండెనో చూపెట్టనీకి ఫోన్ల ఫోటోలు తప్ప మన చేతి బొమ్మ ఒక్కటి ఉంటదా? బోరినాజ్ బాయిలు బందై శానా ఏండ్లాయె. గని ఆ మనుషులు ఒక పరాయి పిల్లగాని గీతలల్ల ఇంకా నడుస్తనే ఉన్నరు.

పడమటి కళా చరిత్ర చదివే పిల్లలు సన్ తారీఖులు, పేర్లు నేర్చుకోండ్రి, పరీక్షకు పనికొస్తయ్. నేర్చుకున్నంక ఒక తెల్ల కాయితం, ఇంత బొగ్గు ముక్క పట్టుకొని బాయి గేటు కాడికి పోండ్రి. బొగ్గుకైతే మన కాడ కొదువ లేదు.