బోస్టన్ చలిలో మన భీమవరం విద్యార్థి: యల్లాప్రగడ సుబ్బారావు

వేసవి వస్తే చాలు, ఎండల వార్తల్లో మన రెంటచింతల పేరు మోగుతుంది. ఇంతటి ఎండకు అలవాటుపడిన మన పల్నాటి పిల్లలు ఇవాళ చదువుల కోసం మంచు కురిసే దేశాలకు వెళ్తున్నారు. ఫీజు ఎలా కట్టాలి, గది అద్దె ఎవరిస్తారు, చదువుకుంటూ ఏ పని దొరుకుతుంది అన్న బెంగ వాళ్ళకూ ఉంది, ఇక్కడ ఉన్న తల్లిదండ్రులకూ ఉంది. దాదాపు నూరేళ్ళ కిందట ఇదే బెంగతో అమెరికాలో అడుగుపెట్టిన తెలుగువారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో లేమి. పదమూడో ఏట, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచారు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మార్కులు చూసి పిల్లవాడి భవిష్యత్తు తేల్చేసే ముందు ఉపాధ్యాయులమంతా ఒకసారి తలచుకోవలసిన సంగతి ఇది.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సాయంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం ఆంగ్లేయుడైన ప్రొఫెసరుకు కంటగింపయింది. చివరికి ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే ఆ జబ్బుకు అప్పట్లో మందు లేదు. అలాంటి రోగాలకు మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో అక్కడే నాటుకుంది.

మామగారి సాయానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేయూత తోడైంది. 1920ల తొలినాళ్ళలో, ఒక అక్టోబరు నెలలో సుబ్బారావు బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువులో సీటు ఉంది గాని స్కాలర్‌షిప్ లేదు. తెచ్చుకున్న డబ్బు చాలదు. కొత్త దేశంలో చలికాలం ముంచుకొస్తోంది. ఆ విభాగపు పెద్ద డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆదుకున్నారు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పని దొరికింది. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పని. మద్రాసులో డాక్టరు పట్టా పొందిన మనిషి రాత్రి ఆ పని చేసి, పగలు చదువుకున్నారు. అది చిన్నతనమని అనుకుని ఓడ ఎక్కేసి ఉంటే ఆ తర్వాతి కథే లేదు.

ఆపైన జీవరసాయన శాస్త్రంలో ఆటో ఫోలిన్ దగ్గర చేరారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో వెలువడిన ఆ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పేరుతోనే పాఠ్యపుస్తకాలకెక్కింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద వారు చేసిన పరిశోధన 1927, 1929లలో లోకానికి తెలిసింది. 1930లో పీహెచ్.డి. వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం హార్వర్డు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి పరిశోధనలకు నాయకత్వం వహించారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు అదే మందైంది. ఈనాడు ప్రతి గర్భిణి చేతా మింగించే మాత్రలోనూ అది ఉంది. కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర, క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన నాయకత్వంలో వచ్చినవే.

ఈ కథకు రెండో పక్క కూడా ఉంది. భార్య శేషగిరిని ఇక్కడే విడిచి వెళ్ళారు. ఆయన వెళ్ళాక పుట్టిన మగబిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. ఇదిగో వస్తా, అదిగో వస్తా అనుకుంటూనే పాతికేళ్ళు గడిచాయి. 1948 ఆగస్టులో, 53వ ఏట, అమెరికాలోనే కన్నుమూశారు. ఆ ఇల్లాలు భర్తను మళ్ళీ చూడనే లేదు. 1995లో, శతజయంతి సంవత్సరాన, భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆ బిళ్ళ మీద శేషగిరమ్మగారి ఎదురుచూపులకు చోటు లేదు.

విదేశంలో చదివే మన పిల్లలు రాత్రిపూట హోటల్లో పళ్ళేలు కడుగుతున్నారని తెలిస్తే, ఊళ్ళో ఎవరూ చులకన చేయవద్దు. ఆ పిల్లలు కూడా ఎంత పని ఒత్తిడి ఉన్నా ఇంటివైపు దారి మరచిపోవద్దు. ఆనాడు సముద్రం దాటి రావడానికి వారాలు పట్టేది. ఈనాడు ఒక్క రోజు చాలు.