రెల్లుగడ్డి నుంచి చెరకు తోటకు: సర్ టి.ఎస్. వెంకట్రామన్ జీవితం

హైదరాబాద్ నగరంలో అబిడ్స్ కూడలి, నాంపల్లి స్టేషన్ పరిసరాలలో ఎండవేళ చెరకు రసం తాగి సేదదీరే బాటసారికి, ఆ గడలో ఏటి ఒడ్డు రెల్లుగడ్డి అంశ ఉన్నదంటే నమ్మశక్యం కాదు. ఆ అంశను తోటలోకి తెచ్చిన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు సర్ టి.ఎస్. వెంకట్రామన్ (1884-1963). హైదరాబాద్ ఆతిథ్యమిచ్చిన 1937 నాటి భారత సైన్స్ కాంగ్రెస్ 24వ సమావేశానికి ఆయనే అధ్యక్షత వహించారు.

1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం ఏర్పడినప్పుడు వెంకట్రామన్ డాక్టర్ బార్బర్ వద్ద సహాయకులుగా చేరారు. ఉత్తరాదిన చెరకు పూసినా గింజ కట్టడం అరుదు. కోయంబత్తూరులో ఆ ఇబ్బంది లేదు. అక్కడ 'వెల్లై' అనే లావుపాటి తీపి చెరకును స్థానిక రెల్లుతో సంకరపరచగా కో 205 పుట్టింది. 1918లో పంజాబు రైతులకు అందిన ఈ వంగడం సన్ననిదే, పీచు ఎక్కువే. అయినా చలినీ నీటి ఎద్దడినీ తట్టుకొని నాటు రకాల కంటే సుమారు సగం అధికంగా దిగుబడినిచ్చింది.

ఈ సంకరంలో ఒక వింత ఉన్నది. తీపి చెరకులో 80, కోయంబత్తూరు రెల్లులో 64 క్రోమోజోములు ఉంటాయి. తల్లి, తండ్రి తమ వాటాలో సగం చొప్పున ఇస్తే పిల్లలో 72 ఉండాలి. కో 205లో 112 ఉన్నాయి. తల్లి తన 80నీ యథాతథంగా ఇవ్వగా, రెల్లు 32 మాత్రమే ఇచ్చింది. ఆ సంతతిని తరతరాలుగా తిరిగి తీపి చెరకుతోనే కలుపుతూ పోతే రెల్లు వాటా తగ్గుతుంది, తీపి పెరుగుతుంది. ఎంత తగ్గించాలన్నదే ప్రజననకారునికి అసలు పరీక్ష. రెల్లు అంశ మరీ పలచబడితే తెగుళ్లను తట్టుకునే గుణమూ, కార్శి తోట బలమూ సన్నగిల్లే ప్రమాదం ఉన్నది.

బార్బర్ అనంతరం కేంద్రం బాధ్యతలు స్వీకరించిన వెంకట్రామన్ జావా వంగడాలను కూడా వినియోగించారు. జావా రెల్లు వారసత్వం గల పి.ఓ.జె. 2878ను కో 290తో కలుపగా వెలువడిన కో 419 దక్షిణాది రైతుల మన్నన పొందింది. జొన్నతో చెరకును సంకరపరచే సాహసమూ ఆయన చేశారు. 1934లో కేంద్రంలో చేరిన జానకీ అమ్మాళ్ క్రోమోజోముల లెక్కతో ఈ వంశావళులకు ఆధారాలు సమకూర్చారు.

హైదరాబాద్ అధ్యక్షోపన్యాసానికి ఆయన ఎంచుకున్న అంశం మాత్రం చెరకు కాదు, భారత గ్రామం. అదే 1937లో బోధన్ కేంద్రంగా నిజాం చక్కెర సంస్థ ఏర్పడింది.

1942లో సర్ బిరుదు, 1956లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. రంగుల కాంతితో క్రోమోజోములను వేరుపరచే పద్ధతి 1990లలో వచ్చాక, ఆధునిక చెరకులోని 100 నుంచి 130 క్రోమోజోములలో రెల్లు నుంచి వచ్చినవి 10 నుంచి 20 శాతమని తేలింది. మిగిలినవి చాలావరకు తీపి చెరకువే.